డైస్ చూపించకుండా తీసేసే ఆటగాడితో ఏం చేయాలి? (డీ అండ్ డీ, ఐదో ఎడిషన్)

తర్వాత చదివేవాళ్ళకు కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు హైదరాబాద్‌లో ప్రతి శనివారం ఐదుగురితో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ కలిసి కథ నడిపే ఆట) నడుపుతున్నారు, పార్టీ, అంటే ఆటగాళ్ళ పాత్రల బృందం, 5వ లెవెల్లో ఉంది. ఫైటర్ (యోధుడి పాత్ర) ఆడే మీ పెద్దమ్మగారి అబ్బాయి డీ20 (ఇరవై ముఖాల డైస్) వేసి, ఎవరూ చూడకముందే చేతిలోకి తీసుకుని అంకె చెబుతాడు. అది ఎప్పుడూ 16కి తగ్గదు. విజర్డ్ (మంత్రగాడి పాత్ర) ఆడే అమ్మాయికి స్పెల్ స్లాట్లు (రోజుకు ఇన్ని మంత్రాలే అన్న లెక్క) ఎంతకీ అయిపోవడం లేదు. అన్నయ్య మీకన్నా పెద్దవాడు, నలుగురిలో ఏమన్నా అంటే విషయం ఇంటిదాకా వెళ్తుంది. ఆయన్ని పట్టుకోవాలా, చూసీచూడనట్టు వదిలేయాలా, ఆట లోపలే క్యారెక్టర్‌ని చంపేయాలా అన్నది మీ సందేహం.

ఈ మూడూ వద్దు. ముందు టేబుల్ పద్ధతిని అందరికీ ఒకేలా మార్చండి, మీతో సహా. ఎక్కువ గ్రూపుల్లో గొడవ అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే ఆయనతో ఒంటరిగా, ఒకే ఒక్క రోల్ గురించి మాట్లాడండి. అప్పటికీ మారకపోతే ఈ క్యాంపెయిన్ (వారం వారం సాగే కథ) నుంచి తప్పించండి. వరస మాత్రం తప్పొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి: మీ ఇద్దరు ఆటగాళ్ళదీ ఒకే కేసు కాదు. విజర్డ్‌ది లెక్క తెలియకపోవడం అయ్యుండటానికే ఎక్కువ అవకాశం ఉంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి.

"ఇందులో గెలుపోటములు లేవు కదా, ఎవరికి నష్టం?" అని చాలామంది డీఎంలు (డంజన్ మాస్టర్లు, అంటే మీలా ఆట నడిపేవాళ్ళు) సర్దుకుపోతారు. నష్టం డీఎంకి కాదు, పక్క కుర్చీలో నిజం చెప్పి ఆడుతున్న మనిషికి. మీ ఫైటర్ వేసిన ప్రతి దెబ్బా తగులుతుంటే ఒక ఓగర్‌తో, అంటే ఒక పెద్ద రాక్షసుడితో, పోరాటం ఒకటి రెండు రౌండ్లలో తేలిపోతుంది. చప్పగా ఉందనుకుని వచ్చే వారం మీరు ఇంకో రెండు ఓగర్లను దింపుతారు. ఓగర్ గద దెబ్బ 2డీ8+4 (రెండు ఎనిమిది ముఖాల డైస్ వేసి 4 కలపడం), అంటే సగటున 13. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి సత్తువ) 12 ఉన్న 5వ లెవెల్ విజర్డ్‌కు స్థిర లెక్కన (డైస్ వేయకుండా) 27 హెచ్‌పీ (ప్రాణాలు) ఉంటాయి. రెండు దెబ్బలకు 26 పోతాయి, మూడోదానికి నేల మీద పడుతుంది. ఆ అదనపు ఓగర్లు వచ్చింది ఫైటర్ చెప్పిన అంకెల వల్ల, పడిపోయింది మాత్రం విజర్డ్. అదొక్కటే కాదు. ఎప్పుడూ గురి తప్పని ఫైటర్ ఉన్న పార్టీలో క్లెరిక్ (పూజారి పాత్ర) వేసే బ్లెస్‌కు (తోటివాళ్ళ గురి పెంచే మంత్రం) విలువ లేదు, దూరం నుంచి చూసి రావడానికి రోగ్ (చాటుగా పనులు చేసే పాత్ర) పడే శ్రమకూ విలువ లేదు. కొన్ని వారాలకు వాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. అందుకే దీన్ని వదిలేయమని నేను ఎవరికీ చెప్పను.

ఇక అనుమానం ఎంతవరకు నిజమో చూద్దాం. ముందు విజర్డ్ సంగతి.

5వ లెవెల్ విజర్డ్‌కు మొదటి స్థాయి స్లాట్లు 4, రెండో స్థాయివి 3, మూడో స్థాయివి 2 ఉంటాయి. మొత్తం తొమ్మిది. వీటికి తోడు ఆర్కేన్ రికవరీ ఉంది. రోజుకోసారి, షార్ట్ రెస్ట్ (ఆటలో పాత్రలు తీసుకునే చిన్న విరామం) తర్వాత, లెవెల్లో సగాన్ని పైకి సవరించినంత, అంటే మూడు స్థాయిల విలువ స్లాట్లు వెనక్కి వస్తాయి. ఒక మూడో స్థాయి స్లాటైనా తీసుకోవచ్చు, ఒక మొదటి స్థాయి, ఒక రెండో స్థాయి కలిపైనా తీసుకోవచ్చు. క్యాంట్రిప్‌లకు (చిన్న మంత్రాలు) స్లాట్ అక్కర్లేదు. డిటెక్ట్ మ్యాజిక్, ఐడెంటిఫై లాంటివి రిచువల్‌గా వేస్తే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది గానీ స్లాట్ పోదు. కాబట్టి బయటినుంచి చూసేవాళ్ళకు పదిహేను స్పెల్స్ వేసినట్టు కనిపించినా లెక్క సరిగ్గానే ఉండొచ్చు.

నిజంగా తప్పు జరిగే చోట్లు వేరే ఉన్నాయి. రెండు కాన్‌సెంట్రేషన్ స్పెల్స్ (ధ్యాస పెట్టి నిలబెట్టే మంత్రాలు, ఒకసారికి ఒకటే) ఒకేసారి నిలబెట్టడం అన్నిటికన్నా సాధారణం. దెబ్బ తగిలినప్పుడు కాన్‌సెంట్రేషన్ సేవ్ (మంత్రం చెడకుండా వేసే రోల్) వేయడం మర్చిపోవడం రెండోది. డీసీ (అందుకోవాల్సిన అంకె) 10, లేదా తగిలిన డ్యామేజీలో సగం, ఏది ఎక్కువైతే అది. ఒకే రౌండ్‌లో షీల్డ్, కౌంటర్‌స్పెల్ అన్న రెండు మంత్రాలూ వేసేయడం మూడోది, రియాక్షన్ (ఎదుటివాళ్ళ పనికి వెంటనే ఇచ్చే జవాబు) ఒకటే ఉంటుందన్నది గుర్తుండదు. వీటిలో చాలావరకు మోసం కాదు, మరుపు.

2014 రూల్‌బుక్, 2024 రూల్‌బుక్ కలిసిపోయిన టేబుళ్ళలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. క్యూర్ వూండ్స్ (గాయాలు మాన్పే మంత్రం) పాతదాంట్లో 1డీ8, కొత్తదాంట్లో 2డీ8. హీలింగ్ పోషన్ తాగడం పాతదాంట్లో యాక్షన్ (వంతులో చేసే ప్రధాన పని), కొత్తదాంట్లో బోనస్ యాక్షన్ (దానికి తోడు చేసే చిన్న పని). పాలడిన్ (పవిత్ర యోధుడి పాత్ర) కొట్టే డివైన్ స్మైట్ పాతదాంట్లో దెబ్బ తగిలాక స్లాట్ ఖర్చుపెడితే చాలు, కొత్తదాంట్లో బోనస్ యాక్షన్ పట్టే స్పెల్. ఒకరు పుస్తకం చూసి, ఇంకొకరు ఫోన్ చూసి ఆడుతుంటే ఇద్దరూ నిజమే చెబుతారు, అయినా ఒకరు దొంగలా కనిపిస్తారు. ఏ ఎడిషన్ ఆడుతున్నారో మొదట తేల్చి గ్రూపులో రాసి పెట్టండి.

విజర్డ్ కోసం చేయాల్సిన పని చాలా చిన్నది. చింతపిక్కలో, చిల్లర నాణేలో తొమ్మిది ఇవ్వండి. స్థాయికో రంగు లేదా స్థాయికో నాణెం. స్పెల్ వేసినప్పుడల్లా ఒకటి తీసి మధ్యలో గిన్నెలో వేయాలి. కాన్‌సెంట్రేషన్ స్పెల్‌కు ఒక కార్డు, దాని మీద స్పెల్ పేరు. కార్డు ఒక్కటే కనుక రెండో స్పెల్ పేరు రాయాలంటే మొదటిది కొట్టేయాల్సిందే. ఫైటర్ యాక్షన్ సర్జ్‌కూ (అదనపు యాక్షన్) బార్బేరియన్ (ఆవేశంతో పోరాడే పాత్ర) రేజ్‌కూ ఇలాగే ఇవ్వండి, 5వ లెవెల్లో రేజ్‌లు మూడు. నిజంగా మర్చిపోతున్నవాళ్ళకు ఇది సాయం, మర్చిపోయినట్టు నటించేవాళ్ళకు ఇక సాకు లేదు. ఎవరినీ ఏమీ అనాల్సిన పని ఉండదు.

ఫైటర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ డైస్ దాచడమే అసలు గుర్తు, అంకెలు కాదు. అంకెలను చూసి నిర్ణయానికి వస్తే పొరపాటు జరిగే వీలు ఎక్కువ. డీ20 మీద 20 పడే అవకాశం 5 శాతం. ఒక పోరాటంలో పది అటాక్ రోల్స్ వేస్తే కనీసం ఒక 20 పడే అవకాశం దాదాపు 40 శాతం. ఆయన ఛాంపియన్ సబ్‌క్లాస్ (ఫైటర్‌లో ఒక రకం) తీసుకుని ఉంటే 19కి కూడా క్రిటికల్ (మామూలుగా 20కే పడే పెద్ద దెబ్బ) వస్తుంది, అప్పుడు పది రోల్స్‌లో కనీసం ఒక క్రిటికల్ వచ్చే అవకాశం 65 శాతం. "ప్రతి ఫైట్‌లో క్రిట్ కొడుతున్నాడు" అన్న ఫిర్యాదు వెనుక తరచూ ఉండేది ఇదే.

మీ మనసుకు నమ్మకం కావాలంటే ఒక పని చేయొచ్చు. కలపాల్సినవి కలపకముందు డైస్ మీద పడిన అసలు అంకె ఉంటుంది కదా, దాన్ని అయిదుగురివీ రాసుకోండి. ఒక్కరిదే రాస్తే ఆ ఒక్కరి మీదే కన్ను పడుతుంది, మిగతావాళ్ళ అదృష్టం లెక్కలోకి రాదు. డీ20 సగటు 10.5. నిజాయితీగా వేసిన 40 రోల్స్ సగటు 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావడం సుమారు మూడు వందలసార్లలో ఒకసారి జరుగుతుంది. 20 రోల్స్‌కే ఆపేస్తే అదే సగటు నలభైసార్లలో ఒకసారి మామూలుగానే వస్తుంది, అయిదుగురు ఆటగాళ్ళున్న టేబుల్లో అదేమీ వింత కాదు. అడ్వాంటేజ్ రోల్స్‌ను ఇందులో అలాగే కలపొద్దు. రెండు డైస్ వేసి పెద్దది తీసుకుంటే సగటు దానంతటదే 13.8 అవుతుంది. దాక్కుని బాణం వేసే రోగ్, రెక్‌లెస్ అటాక్ చేసే బార్బేరియన్ ఈ లెక్కలో అన్యాయంగా దొంగలైపోతారు. అడ్వాంటేజ్ ఉంటే మొదట పడిన డైస్ అంకె మాత్రమే రాయండి.

ఇంకో గుర్తు ఉంది, అంకెల సగటు కన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. 2014 రూల్స్‌లో గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) ఉన్నవాళ్ళు అటాక్‌లో 5 తగ్గించుకుని డ్యామేజీలో 10 పెంచుకోవచ్చు. ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15 ఉన్న శత్రువు మీద +7తో కొడితే 8 పడితే చాలు, 65 శాతం అవకాశం. 5 తగ్గించుకుంటే 13 పడాలి, 40 శాతమే. మామూలు ఆటగాడు ఆలోచించి, ఏసీ తక్కువ ఉన్నవాటి మీద, బ్లెస్ ఉన్నప్పుడు మాత్రమే ఆ సాహసం చేస్తాడు. ప్రతి దెబ్బకూ తడుముకోకుండా 5 తగ్గించుకుని, ప్రతిసారీ తగిలించేవాడికి డైస్ మీద ఏం పడుతుందన్న భయం లేదన్నమాట.

ఈ రాసుకున్న కాగితాన్ని మాత్రం ఎవరికీ చూపించకండి. అది మీరు తొందరపడకుండా ఉండటానికి, ఆయన్ని నిలదీయడానికి కాదు.

డైస్‌లోనే లోపం ఉందేమోనని కొందరు ఉప్పునీళ్ళ పరీక్ష చేస్తారు. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 35 గ్రాముల దాకా ఉప్పు కరిగించి, డైస్ తేలితే వేలితో తిప్పి, ఎప్పుడూ ఒకే ముఖం పైకి వస్తుందా అని చూస్తారు. లోపల గాలి బుడగ ఉంటే బయటపడుతుంది, కానీ టేబుల్ మీద దొర్లినప్పుడు దానివల్ల ఎంత తేడా వస్తుందో ఈ పరీక్ష చెప్పదు. లోహపు డైస్ అసలు తేలవు. సరిగ్గా తేల్చాలంటే 400 సార్లు వేసి, ఒక్కో ముఖం ఎన్నిసార్లు పడిందో రాయాలి. ఒక్కోటి 20 సార్లు పడాలి కనుక తేడాను వర్గం చేసి 20తో భాగించి, ఇరవై ముఖాలవీ కూడాలి. మొత్తం 36.19 దాటితే ఆ డైస్‌ను పక్కన పెట్టొచ్చు, నిజాయితీ గల డైస్ అంతకు మించడం నూటికి ఒకసారే. ఇంత శ్రమ ఎందుకంటే నా సమాధానం: అందరూ ఒకే డీ20తో ఆడండి, ప్రశ్నే ఉండదు.

ఒక్క రకం డైస్‌ను మాత్రం టేబుల్ మీదికి రానివ్వకండి. మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డులతో ప్రాణాలు లెక్కపెట్టుకోవడానికి వచ్చే స్పిన్‌డౌన్ డీ20 చూడటానికి మామూలుదానిలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే దాని మీద 20 పక్కన 19, దాని పక్కన 18, అలా అంకెలు వరసగా ఉంటాయి, పెద్ద అంకెలన్నీ ఒకవైపే గుమిగూడతాయి. మామూలు డీ20 మీద 20ని ఆనుకుని 2, 8, 14 ఉంటాయి. స్పిన్‌డౌన్‌ను పెద్ద అంకెలు పైకి పెట్టి మెల్లగా జార్చితే కొంచెం దొర్లినా పెద్దదే పడే వీలుంది. తెలియక వాడేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఏ నిష్ఠూరమూ లేకుండా మార్పించవచ్చు.

ఇప్పుడు టేబుల్ పద్ధతి. మీ సమస్యకు అసలు మందు ఇదే, అందుకే వివరంగా చెబుతున్నాను.

ట్రే ఒక్కటే, టేబుల్ మధ్యలో. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. అడుగున మెత్తటి గుడ్డ పరిచిన పది అంగుళాల పళ్ళెం చాలు. ట్రేలో పడినదే రోల్. బయట పడినా, అంచుకు ఆనుకుని ఏటవాలుగా నిలిచినా మళ్ళీ వేయాలి, ఏ అంకె పడినా సరే. అష్టాచమ్మాలో గవ్వలు అందరి మధ్యా వేసినట్టే ఇదీ. ఏటవాలు డైస్ విషయం ముందే తేల్చకపోతే 18 పడితే "పడింది", 3 పడితే "పడలేదు" అవుతుంది. డైస్ మీద అంకెలు దూరానికి కనిపించాలి. మెరుపుల రెసిన్‌లో సన్నటి బంగారు అంకెలు ఉన్న డైస్ అందంగా ఉంటాయి గానీ ఎదుటివాళ్ళు చదవడానికి వీలుండదు.

ముందు చెప్పాలి, తర్వాత వేయాలి. "ఎడమవైపు ఓగర్ మీద, గ్రేట్ సోర్డ్‌తో, ప్లస్ ఏడు" అని చెప్పాకే డైస్ చేతిలోంచి వదలాలి. డీఎం అడగకుండా వేసిన రోల్ చెల్లదు. ఇది పెట్టకపోతే జరిగేది ఏమిటంటే, ఆటగాడు ఊరికే వేస్తూ ఉంటాడు, 19 పడగానే "నేను ఆ తలుపు పరీక్షిస్తున్నాను, 19" అంటాడు, 4 పడితే ఊరికే ఆడుకున్నట్టు. గమనిస్తే డైస్ దాచేవాళ్ళకన్నా ఈ రకం వాళ్ళే ఎక్కువ.

అసలు అంకె ముందు, మొత్తం తర్వాత. "పన్నెండు, ప్లస్ ఏడు, పంతొమ్మిది" అనాలి. వట్టి "పంతొమ్మిది" అంటే కలిపినది ఏమిటో ఎవరికీ తెలియదు. మోసం సంగతి అటుంచితే, ప్రొఫిషెన్సీ (నేర్పు ఉన్నందుకు కలిపే అంకె) రెండుసార్లు కలిపేసుకునే నిజాయితీ గల తప్పులు కూడా దీనితోనే బయటపడతాయి.

అవతలివాళ్ళు చదివేదాకా డైస్ కదలకూడదు. ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళు అంకె చదివి పైకి చెబుతారు, మీరు "ఊఁ" అంటారు, అప్పుడు తీయాలి. దీనికి రోల్‌కు రెండు సెకన్లు కూడా పట్టదు. పైగా పక్కవాళ్ళ వంతులో కూడా ఒక పని ఉంటుంది కనుక ఫోన్లు కిందికి దిగుతాయి.

ఈ నియమాలను ఎలా ప్రకటిస్తారన్నది ముఖ్యం. సెషన్ మొదట్లో, ఆయన వైపు చూడకుండా, "ఇవాళ్టి నుంచి అందరం ట్రేలో వేద్దాం, నేను కూడా" అంటే చాలు. కారణం అడిగితే "లెక్కలు తప్పుతున్నాయి, నాకు మీ అంకెలు కనిపిస్తే పోరాటం నడపడం తేలిక" అనండి, అది నిజమే. ఎవరి గురించీ సూటిపోటి మాట వద్దు.

"నేను కూడా" అన్నది ఊరికే చెప్పలేదు. మీరు స్క్రీన్ వెనక వేసి, శత్రువు అంకెలు మార్చి చెబుతూ, ఆటగాళ్ళను మాత్రం చూపించమంటే ఆ మాటకు బలం ఉండదు. డీఎం కథ కోసం అంకె మార్చడాన్ని పాత డంజన్ మాస్టర్స్ గైడ్ కూడా ఒప్పుకుంటుంది, అదో పద్ధతి. కానీ ఈ సమస్య ఉన్న టేబుల్లో మాత్రం శత్రువుల అటాక్‌లు, సేవ్‌లు, డ్యామేజీ అందరి ముందూ వేయండి. స్క్రీన్‌ను మీ నోట్స్‌కు, మ్యాపులకు వాడుకోండి. దాచి వేయాల్సినవి కొన్ని ఉంటాయి, ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడో లేదో చూసే ఇన్‌సైట్, ఎవరికీ తెలియకుండా పొంచివున్నవాడి స్టెల్త్ లాంటివి. వాటికి ఆటగాళ్ళు ముందే ఒప్పుకుంటారు.

మీ గ్రూపులో కొందరు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వీడియో కాల్‌లో కలుస్తుంటే వాళ్ళకు రోల్20, ఫౌండ్రీ (ఆన్‌లైన్‌లో ఆడుకునే వేదికలు), లేదా డిస్కార్డ్‌లో అవ్రే బాట్ (డైస్ వేసిపెట్టే ప్రోగ్రామ్) పెట్టండి. రోల్ అందరికీ కనిపించే చాట్‌లో పడుతుంది, ఒక్కో డైస్ ఎంత పడిందో విడిగా తెలుస్తుంది, రికార్డు ఉంటుంది. చేతిలో డైస్ పట్టుకుంటేనే ఆట అనిపించేవాళ్ళు ఫోన్ కెమెరా ట్రే మీద పెట్టాలి. గదిలో ఉన్నవాళ్ళకు ఒక నియమం, దూరాన ఉన్నవాళ్ళకు ఒకటి ఉంటే మళ్ళీ మొదటికి వస్తుంది.

క్యారెక్టర్ షీట్ల సంగతి. ప్రతి లెవెల్ మారినప్పుడు అందరి షీట్లూ ఒకసారి చూడండి, అయిదింటికీ కలిపి అరగంట పని. 5వ లెవెల్లో ప్రొఫిషెన్సీ +3. స్ట్రెంగ్త్ 18 ఉంటే +4. మొత్తం +7, చేతిలో +1 కత్తి ఉంటే +8. షీట్ మీద +10 కనిపిస్తే ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్న ఫైటర్‌కు స్థిర లెక్కన హెచ్‌పీ 12, ఆపైన నాలుగు లెవెళ్ళకు ఎనిమిదేసి, మొత్తం 44. ప్లేట్ ఆర్మర్ 18, షీల్డ్ (డాలు) 2, డిఫెన్స్ స్టైల్ 1 కలిపితే ఏసీ 21 న్యాయంగానే వస్తుంది, కానీ ప్లేట్ ఆర్మర్ ఖరీదు 1,500 బంగారు నాణేలు. ఆ డబ్బు పార్టీకి ఎప్పుడు దొరికిందో మీ నోట్స్‌లో ఉండాలి. అట్యూన్ అయిన (పాత్రతో ముడిపడిన) మాయా వస్తువులు మూడుకు మించకూడదు. దొరికిన సొమ్ము, పోషన్లు అన్నీ ఒక షేర్డ్ షీట్‌లో ఒక్కరే రాస్తే ఈ వైపు గొడవ పూర్తిగా పోతుంది.

ఇంట్లో వేసుకొచ్చిన ఎబిలిటీ స్కోర్లను (స్ట్రెంగ్త్ లాంటి ఆరు గుణాల అంకెలు) మాత్రం ఎప్పుడూ ఒప్పుకోకండి. నాలుగు డీ6 వేసి చిన్నది తీసేసే పద్ధతిలో ఒక స్కోరు 18 రావడం 1.6 శాతం. ఆరు స్కోర్లలో మూడు 18లు రావడం సుమారు పన్నెండు వేల మందిలో ఒకరికి. స్టాండర్డ్ అరే (15, 14, 13, 12, 10, 8) గానీ 27 పాయింట్ల పాయింట్ బై (పాయింట్లతో స్కోర్లు కొనుక్కోవడం) గానీ పెట్టండి, లేదా అందరూ మీ ముందే వేయాలి. డీ అండ్ డీ అధికారిక కార్యక్రమమైన అడ్వెంచరర్స్ లీగ్‌లో రోల్ చేసిన స్కోర్లు ఒప్పుకోకపోవడం, హెచ్‌పీ స్థిరంగా ఉంచడం ఊరికే కాదు. ఒకరికొకరు తెలియని మనుషులు కలిసి ఆడాలంటే అనుమానానికి చోటే లేకుండా చేయడం తేలిక.

మెటాగేమింగ్ (పాత్రకు తెలియనిది ఆటగాడు వాడుకోవడం) గురించి మీరు అడగలేదు కాబట్టి కొద్దిగానే చెబుతాను. ట్రోల్ అనే రాక్షసుడికి నిప్పు, యాసిడ్ పడవని పాత ఆటగాళ్ళందరికీ తెలుసు, తెలియనట్టు నటించమనడం వాళ్ళకు శిక్ష. టేబుల్ కింద ఫోన్‌లో మాన్‌స్టర్ వివరాలు వెతకడం వేరే సంగతి. దానికి మందు మీ చేతిలోనే ఉంది. పేరు చెప్పకుండా రూపం వర్ణించండి, బలహీనత మార్చండి. ఓగర్ హెచ్‌పీ 59 అని 2014 నాటి పుస్తకంలో ఉన్నా దాని పక్కనే 7డీ10+21 అని ఉంటుంది, అంటే 28 నుంచి 91 దాకా ఏదైనా న్యాయమే.

ఇక మాట్లాడటం. ట్రే పెట్టాక కూడా ఆయన డైస్ తీసేస్తుంటే, లేదా ట్రేలో కనిపించిన అంకె ఒకటి, చెప్పింది ఇంకొకటి అయితే, అప్పుడు మాట్లాడాలి. ఆట అయిన వెంటనే కాదు, వాట్సాప్ గ్రూపులో అసలే కాదు. పెద్దమ్మ ద్వారా, అమ్మ ద్వారా చెప్పించకండి. అలా చేస్తే ఆట సంగతి మరుగున పడి ఇంటి సంగతి అవుతుంది. ఒకటి రెండు రోజులాగి, ఇద్దరే ఉన్నప్పుడు, టీ తాగుతూ పది నిమిషాల్లో ముగించండి. మాట ఇలా ఉండొచ్చు:

"అన్నయ్యా, మొన్న రెండో ఓగర్ మీద వేసినప్పుడు ట్రేలో 4 కనిపించింది, నువ్వు 14 అన్నావు. అప్పుడు ఆట ఆపడం బాగోదని ఊరుకున్నాను. ఇకనుంచి నేను చూసి ఊఁ అన్నాకే డైస్ తియ్యి, సరేనా?"

ఇందులో "మోసం" అన్న మాట లేదు, "ఎప్పుడూ" అన్న మాట లేదు, "అందరూ అనుకుంటున్నారు" అన్న మాట అంతకన్నా లేదు. మీ కళ్ళతో చూసిన ఒక్క రోల్, ఇకముందు చేయాల్సిన ఒక్క పని, అంతే. ఒప్పుకోమని పట్టుబట్టకండి. పెద్దవాడు తమ్ముడి ముందో చెల్లెలి ముందో తప్పు ఒప్పుకోవడం కష్టం, మీకు కావల్సింది ఒప్పుకోలు కాదు, వచ్చే శనివారం డైస్ ట్రేలో ఉండటం.

ఆయన "లెక్క తప్పింది" అంటే సరేనని వదిలేయండి, నమ్మినా నమ్మకపోయినా. "ఆటే కదా, ఎందుకింత పట్టింపు" అంటే పైన చెప్పిన ఓగర్ల లెక్క చెప్పండి. తన దెబ్బలన్నీ తగలడం వల్ల విజర్డ్ పడిపోతోందని చాలామందికి నిజంగా తట్టదు. "నా మీద నమ్మకం లేదా" అంటే, "నియమం అందరికీ అన్నయ్యా, నేనూ బయటే వేస్తున్నాను" అని చెప్పి అక్కడే ఆపండి, వాదనకు దిగొద్దు.

ఆ పది నిమిషాల్లో వీలైతే ఇంకో ప్రశ్న అడగండి: ఆటలో ఏది చిరాగ్గా ఉంది? డైస్ దాచేవాళ్ళలో ఎక్కువమందికి కావల్సింది గెలుపు కాదు. అయిదుగురి టేబుల్లో ఒక వంతు తర్వాత మళ్ళీ వంతు రావడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. రెండు దెబ్బలూ తప్పితే ఆ ఇరవై నిమిషాలకు ఆయన చేసింది ఏమీ లేదు. తన ఫైటర్ గొప్ప యోధుడని ఊహించుకున్న మనిషికి అది అవమానంలా ఉంటుంది. ఇది మీరు సరిచేయగలిగినది. వంతుకు ఒక నిమిషం పరిమితి పెట్టండి. గురి తప్పినప్పుడు "తగల్లేదు" అని వదిలేయకుండా "నీ కత్తిని తప్పించుకోవడానికి ఓగర్ రెండడుగులు వెనక్కి వేసింది, ఇప్పుడు విజర్డ్‌కు దారి దొరికింది" అనండి. ఇన్‌స్పిరేషన్ (బాగా ఆడినందుకు డీఎం ఇచ్చే బహుమతి) ధారాళంగా ఇవ్వండి. 2014 రూల్స్‌లో అది ఒక రోల్‌కు అడ్వాంటేజ్ ఇస్తుంది, 2024లో డైస్ మళ్ళీ వేయనిస్తుంది. అవసరమైనప్పుడు వాడుకోవడానికి న్యాయమైన దారి ఒకటి చేతిలో ఉంటే దొంగదారి అక్కర ఉండదు. క్యారెక్టర్ చచ్చిపోతుందన్న భయమే కారణమైతే, చావు ఎలా ఉంటుందో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఓడిపోతే బందీ కావడం, సొమ్ము పోవడం లాంటివి పెట్టుకోవచ్చు.

క్యారెక్టర్‌ని చంపి బుద్ధి చెప్పాలన్న ఆలోచన మానుకోండి. ఆయనకు కారణం తెలియదు, "డీఎం పగబట్టాడు" అనుకుంటాడు. మిగతా నలుగురికి కూడా అలాగే కనిపిస్తుంది. చావు తప్పించుకోవడానికి ఇంకా పెద్ద అంకెలు చెబుతాడు, మీరు ఇంకా పెద్ద రాక్షసులను దింపుతారు, మధ్యలో నలిగేది మళ్ళీ ఆ నలుగురే.

మాట్లాడిన తర్వాత కూడా అదే జరిగితే రెండోసారి క్లుప్తంగా చెప్పండి: "ఇలాగైతే ఈ క్యాంపెయిన్‌లో కలిసి ఆడలేం." మూడోసారి తప్పించండి. అన్నయ్యతో బంధం పోవాల్సిన పని లేదు. అందరూ ఒక పక్షాన ఆడే బోర్డ్ గేమ్‌లకో, డైస్ లేని ఆటలకో పిలవండి, అవి ఈ శనివారాల నుంచి వేరుగా ఉంచండి. గ్రూపుకు "అన్నయ్య ఈ క్యాంపెయిన్ ఆడటం లేదు" అన్న ఒక్క వాక్యం చాలు, ఎవరైనా తవ్వినా అంతకు మించి చెప్పకండి. ఫైటర్‌ను కథలో ఊరికి పంపించేయండి, షీట్ ఆయనకు ఇచ్చేయండి.

చివరగా, ఇప్పటిదాకా జరిగిన సెషన్లను తిరగదోడాలా అని కూడా అడిగారు. అక్కర్లేదు. అనుభవం పాయింట్లు, లెవెల్ అలాగే ఉంచండి, అవి పార్టీ అందరూ కలిసి తెచ్చుకున్నవి. నోట్స్‌లో లేని వస్తువు షీట్ మీద ఉంటే మాత్రం తీసేయించండి, షీట్లు చూసే రోజున అందరితో పాటే. పోరాటాలను కష్టం చేయడానికి మీరు చేర్చిన అదనపు శత్రువులను తగ్గించడం మర్చిపోకండి. ట్రే పెట్టిన మొదటి రెండు మూడు వారాలు ఫైటర్ దెబ్బలు ఇదివరకటికన్నా ఎక్కువగా తప్పుతాయి, పాత లెక్కన ముగ్గురు ఓగర్లను దింపితే పార్టీ మొత్తం పోవచ్చు. ఇద్దరితో మొదలుపెట్టి, మూడోదాన్ని గుహ లోపల ఉంచుకోండి. అవసరమైతే బయటికి రప్పించవచ్చు.